తులసమ్మకు హైట్ పాస్

సాయం చేస్తామంటూ ఎవరైనా గుమ్మంలోకి వస్తే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. చెడ్డవాడు వస్తే మొహం మీదే తలుపు వేసుకోవచ్చు. మంచి చేస్తానని వచ్చినవాణ్ణి మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇవ్వాలి. ఈ జ్ఞానం నాకు అరవై నాలుగో ఏట, సెమర్‌డీహ్ అనే ఊళ్లో, తులసమ్మ అనే వడియాల మనిషి వల్ల కలిగింది. ఆమె కథ చెబితే నా పరువు కొంత పోతుంది. పోనివ్వండి, రిటైరయ్యాక దానితో నాకు పెద్దగా పని పడటం లేదు.

తులసమ్మది పాలకొండ దగ్గర చిన్న పల్లె. పెళ్లయిన ఏడాదే మొగుడు చినబాబు వెంట భిలాయి వచ్చింది. చినబాబు మాలాగా స్టీలు ప్లాంటు ఉద్యోగి కాడు. క్వార్టరూ లేదు, గేటు పాసూ లేదు. జాముల్లో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కాంట్రాక్టరు కింద లారీలకి బస్తాలెత్తేవాడు. జాముల్ అద్దెలు భరించలేక నాలుగు కిలోమీటర్లు లోపలికి పోయి సెమర్‌డీహ్‌లో ఒక పెంకుటింట్లో కాపురం పెట్టారు. ముప్ఫై ఏళ్లు అక్కడే గడిచాయి. ఏడేళ్ల కిందట చినబాబు కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. కర్మకాండ అయ్యాక మరిది వచ్చి ఊరికి రమ్మని పిలిచాడట. "అక్కడికొచ్చి నీ పెళ్లాం కాడ నాలుగు మెతుకులకి సెయ్యి సాపనా? నానెక్కడికీ రాను, నానీడే ఉంటాను," అని అతనికి అన్నం పెట్టి పంపించేసిందట.

బూడిద గుమ్మడికాయని ఛత్తీస్‌గఢ్‌లో రఖియా అంటారు. దాన్ని తురిమి, మినప్పిండిలో కలిపి, 'బడి' అనే వడియాలు పెట్టుకోవడం ఇక్కడి ప్రతి ఇంటా ఉన్నదే. మన గుమ్మడి వడియమూ వాళ్ల రఖియా బడీ ఒక తల్లి పిల్లలే. కాకపోతే మనం నూనెలో వేయించి పప్పన్నంలో నంజుకుంటాం, వాళ్లు కూరలో వేసి ఉడికించుకుంటారు. తులసమ్మకీ పక్కింటి సుక్‌వారో బాయికీ స్నేహం కలిసింది ఈ తగువుతోనే. "నాలుగు దినాలు కష్టపడి ఎండబెట్టి మళ్లీ నీళ్లల్లో ముంచేత్తారేటే?" అని తులసమ్మ, "అంత కష్టపడి చేసి నూనెలో మాడ్చేస్తావా దీదీ?" అని సుక్‌వారో. తగువు ఇప్పటికీ తెగలేదు గాని మధ్యలో వ్యాపారం పుట్టింది. చలికాలంలో చుట్టుపక్కల సంతలకి చప్పటి బడి, ఎండాకాలంలో భిలాయి తెలుగు ఇళ్లకి పచ్చిమిర్చీ ఇంగువా దట్టించిన వడియం. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేరారు. ఆరేళ్లలో నెహ్రూ నగర్‌లోనూ రిసాలిలోనూ తులసమ్మ వడియం తెలియని తెలుగు వంటిల్లు లేదంటే అది అతిశయోక్తే, కాని మరీ పెద్దది కాదు. ఆమెకి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, ఎవరూ ప్రోత్సహించలేదు. బాగా నడవడానికి అదే కారణమని నా అనుమానం.

వడియానికి ఎండ కావాలి. ఆ ఎండ కింద ఒక చదునైన చోటు కావాలి. సెమర్‌డీహ్‌లో ఇళ్లన్నీ పెంకుటిళ్లు. నేల మీద ఆరేస్తే మేకలు, కోళ్లు, లారీలు లేపే దుమ్ము. ఊరంతటికీ చదునైన కప్పు ఒక్కటే, పంచాయతీ వాళ్లు కట్టిన సాముదాయిక భవనం. అందరూ వాడుకోవాలని కట్టింది కాబట్టి ఎవరూ వాడకుండా తాళం వేసి ఉంచారు. తాళంచెవి ఊరి కోట్వార్ దగ్గర, అంటే మన తలారి దగ్గర ఉండేది. పండగకి రెండు కిలోల బడి ముట్టజెబితే అది తులసమ్మ కొంగుకి వచ్చేది. సాయంత్రం గుమ్మడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి గుడ్డలో మూటగట్టి రాయి ఎత్తేవారు. తెల్లారేసరికి నీరంతా దిగిపోయేది. పిండి రుబ్బి, కలిపి, ఎండ ముదరకముందే డాబా ఎక్కి పాత చీరల మీద పెట్టేసేవారు. ఆలస్యమైతే పిండి పులుస్తుంది. రెండు రోజులు ఎండ తగలకపోతే బూజు పడుతుంది. ఆ డాబా లేకపోతే ఆ వ్యాపారం లేదు. ఇంత చిన్న విషయం అర్థం చేసుకోడానికి చదువక్కర్లేదు. మాకు చదువుండబట్టి అర్థం కాలేదు.

నిరుడు కొత్త సర్పంచ్ వచ్చాడు. మంచివాడే. "అమ్మా, ఇన్నాళ్లూ నోటిమాట మీద నడిచింది. రేపెవడైనా ఫిర్యాదు చేస్తే నా మెడకి చుట్టుకుంటుంది. ఏదైనా సంస్థ నుంచి ఒక ఉత్తరం తెచ్చుకో. డాబా ఐదేళ్లకి నీ పేరు మీద తీర్మానం రాసేస్తాను," అన్నాడు. ఒక్క ఉత్తరం, మహా అయితే నాలుగు వాక్యాలు. ఆ ఉత్తరం కోసం ఆ తల్లి వచ్చి వచ్చి మా చేతుల్లో పడింది.

మేమంటే సత్యారావుగారూ నేనూ. సత్యారావుగారు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు సేఫ్టీ విభాగంలో పనిచేసి డీజీఎంగా రిటైరయ్యారు. వేళాకోళం ఆడే ముందు ఒక మాట చెప్పాలి. ఆయన చండశాసనం వల్ల కాళ్లూ చేతులూ మిగుల్చుకున్న మనుషులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. కరిగిన ఇనుము దగ్గర అలాంటి మనిషి ఉండాల్సిందే. గుమ్మడికాయ దగ్గర ఉంటే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఇక నేను ధర్మారావుని, అదే ప్లాంటులో పర్సొనెల్ విభాగంలో ఉత్తరాలు డ్రాఫ్టు చేసి చేసి డిప్యూటీ మేనేజరుగా దిగిపోయాను. రిటైరై నాలుగేళ్లయినా మా ఇద్దరి మధ్యా ఆ గ్రేడ్ల తేడా చెక్కుచెదరలేదు. ఇప్పటికీ ఆయన కూర్చోమనేదాకా నేను కూర్చోను.

పల్లెల్లో చిన్న వ్యాపారాలను పైకి తేవాలని ఆయనకి రిటైరయ్యాక బుద్ధి పుట్టింది. 'గ్రామీణ వ్యాపారవేత్తల ప్రోత్సాహక మండలి' అని పెట్టారు. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శి. ఆరు నెలల్లో లెటర్‌హెడ్ వచ్చింది, రబ్బరు స్టాంపు వచ్చింది. సభ్యుల్లో ఎవరినీ నొప్పించకూడదని ఉదయించే సూర్యుడు, పళ్లచక్రం, వరికంకి, రెండు చేతులు అన్నీ ఇరికించిన లోగో కూడా వచ్చింది. రాయ్‌పూర్‌లో ఒక దాతల సంస్థ నిధి ఇస్తానంది. వ్యాపారవేత్త మాత్రం ఒక్కరూ దొరకలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా వ్యవహారం. సరిగ్గా అప్పుడు సత్యారావుగారి భార్య కనకలతగారు, తన దగ్గరికి ఆరేళ్లుగా వడియాలు తెచ్చే తులసమ్మని ముందుగదిలోకి తీసుకొచ్చారు.

"బాబుగారూ, నాకొక్క కాయితం ముక్క గావాల. డాబా మీద ఒడియాలారేసుకోడానికి," అంది తులసమ్మ గుమ్మం దగ్గరే నిలబడి.

సత్యారావుగారి మొహం వెలిగిపోయింది. "కాయితమేవిటమ్మా! నీ మొహాన ఓ కాయితం పారేసి చేతులు దులుపుకునే రకం కాదు మేం. నిన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తాం."

తులసమ్మ రెండు చేతులూ కొంగులోకి లాక్కుంది. "వొద్దు బాబూ, నానడుత్తాను. కాయితం సాలు."

"ధర్మారావ్, నోట్ చేసుకో. మన మొదటి బెనిఫీషియరీ," అన్నారాయన. నేను నోట్ చేసుకున్నాను. కాగితం అడిగిందని మాత్రం రాసుకోలేదు.

మొదట శిక్షణ. సత్యారావుగారి చెల్లెలి కొడుకు కౌండిన్య ఎంబీయే చదివాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు కాబట్టి తెలుగు మాట్లాడుతుంటే హిందీ కాళ్లకి అడ్డం పడుతూ ఉంటుంది. తులసమ్మనీ సుక్‌వారోనీ మిగతా ఇద్దరినీ మూడు రోజుల పని మానిపించి, రిసాలిలో ఒక హాల్లో ఏసీ కింద కూర్చోబెట్టాం. ప్రతి ఉదయం మొదలుపెట్టే ముందు అందరూ లేచి నిలబడి, కుడిచెయ్యి చాపి భద్రతా ప్రతిజ్ఞ చెయ్యాలి. ప్లాంటులో ఏ మీటింగైనా అలాగే మొదలవుతుంది, సత్యారావుగారికి అది లేనిదే నోట్లోంచి మాట రాదు. యంత్రాల దగ్గర వదులు బట్టలు వేసుకోబోమని ఆ నలుగురూ చీరకొంగులు భుజాన వేసుకుని ప్రమాణం చేశారు. తలా ఒక పసుపు హెల్మెట్ ఇచ్చాం. సుక్‌వారో దాన్ని తిరగేసి చూసి, ఎన్ని గ్లాసుల మినప్పప్పు పడుతుందో అంచనా వేసింది.

కౌండిన్య బోర్డు మీద గళ్లు గీసి అడిగాడు. "ఆంటీ, మీ కాంపిటీటర్ కౌన్ హై? అంటే... మీ బిజినెస్‌కి దుష్మన్ ఎవరు?"

"కోతులు బాబూ," అంది తులసమ్మ వెంటనే.

కౌండిన్య కాసేపు ఆలోచించి గడిలో 'మంకీస్' అని రాశాడు. ఆ మూడు రోజుల శిక్షణలో నిజం రాసిన గడి అదొక్కటే.

తర్వాత ఉత్తరం. ఇది నా పాపం, దీన్ని ఎవరి మీదకీ నెట్టను. డాబా తులసమ్మకి ఇప్పించమని నాలుగు వాక్యాలు రాసి పట్టుకెళ్లాను. సత్యారావుగారు కళ్లజోడు పైకి తోసి నన్ను చూశారు. "ఏవిటయ్యా ఇది? వ్యక్తి పేర ఎలాట్‌మెంట్ ఎక్కడైనా విన్నావా? భవనం మొత్తం మండలికి ఎలాట్ చేయమని రాయి. మనం అందులో కేంద్రం పెడతాం. డాబా మనమే ఆమెకి సబ్-ఎలాట్ చేద్దాం. సిస్టమేటిగ్గా ఉంటుంది." నాకూ సిస్టమేటిగ్గానే అనిపించింది. అప్పుడు నేను నా చేత్తో రాసిన వాక్యం ఇది: 'ప్రస్తుతం ఎవరి వినియోగంలోనూ లేక ఖాళీగా ఉన్న సదరు భవనమును...'

ఆ వాక్యం రాయడానికి ముందురోజే నేను సెమర్‌డీహ్ వెళ్లి వచ్చాను. డాబా మీద పదకొండు చీరలు పరిచి ఉన్నాయి. ఎండలో వడియాలు ముత్యాల్లా ఉంటే, తులసమ్మ ఒకటి విరిచి లోపల తడి ఉందో లేదో నాకు చూపించింది కూడా. అయినా ఖాళీ అనే రాశాను. నలభై ఏళ్లు క్వార్టర్ల ఫైళ్లు చూసినవాణ్ణి. ఎలాట్‌మెంట్ ఆర్డరు లేని క్వార్టర్లో మనిషి సంసారం చేస్తున్నా, బిడ్డని కంటున్నా, మా రిజిస్టర్లో అది ఖాళీ క్వార్టరే. అలాంటి కళ్లతోనే ఆ డాబాని కూడా చూశాను.

సర్పంచ్‌కి ఇంకా సంతోషం. డాబా అడుగుతారనుకుంటే పెద్దమనుషులు వచ్చి భవనమే తీసుకుని సున్నం కూడా వేయిస్తామంటున్నారు. వారంలో తీర్మానం అయిపోయింది. కోట్వార్ తాళం తీసేసి మా తాళం వేశాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడి పూజారి టేపు పట్టుకుని డాబా ఎక్కాడు.

సత్యారావుగారు పిట్టగోడ ఎత్తు కొలిచారు. నలభై సెంటీమీటర్లు. ఉండాల్సింది మీటరు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మెట్లకి గ్రిల్లు పెట్టించి, హిందీలో ఎర్ర అక్షరాలతో 'అనుమతి లేనిదే పైకి వెళ్లరాదు' అని బోర్డు తగిలించారు. అప్పటికి డిసెంబరు మొదటి వారం, బడి సీజను. తులసమ్మ దుర్గ్ మండీ నుంచి నలభై రఖియాలు తెచ్చి ఇంటి అరుగు మీద పేర్చుకుంది. మినప్పప్పు నానబోసి తెల్లారి వచ్చి చూస్తే గ్రిల్లు.

ఆ ఉదయం ఆమె జాముల్ దాకా నడిచి ఆటో పట్టుకుని నెహ్రూ నగర్ వచ్చింది. చేతులకి ఇంకా గుమ్మడి జిగురు ఉంది. నేను అక్కడే ఉన్నాను.

"బాబుగారూ, తాళమేసేసినారేటి?"

"నీ మంచికేనమ్మా. పిట్టగోడ ఎత్తు తక్కువ. అక్కణ్ణుంచి పడితే నడుం విరుగుతుంది."

"ఆరేళ్లెక్కినాను. ఏపొద్దైనా పడినానా?"

"ఆరేళ్లు పడలేదు కాబట్టే ఇక పడే అవకాశం ఎక్కువైంది," అన్నారాయన ఎంతో శాంతంగా. సేఫ్టీలో ఆ లెక్క నిజంగానే ఉందో ఏమో నాకు తెలియదు. "గోడ ఎత్తు చేయిద్దాం. ఈలోగా పని ఆగకూడదంటావు కాబట్టి, రూలు ప్రకారం హైట్ పాస్ తీసుకో. ఎత్తులో పనిచేసేవాళ్లందరికీ మా ప్లాంటులో ఉంటుంది. డాక్టరు చూసి, కళ్లు తిరిగే జబ్బూ బీపీ లేవని రాసిస్తే చాలు."

"పప్పు నానిపోయుంది బాబూ," అంది తులసమ్మ. ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. బతిమాలడం కాదది. ఇంత పెద్దవాళ్లకి ఇంత చిన్నది ఎలా చెప్పాలో తెలియక వచ్చిన గొంతు.

ఆ రోజు డాక్టరు దొరకలేదు. మర్నాడు దొరికాడు. రెండు రాత్రులు నిద్ర లేని, అరుగు మీద నలభై కాయలున్న, యాభై ఎనిమిదేళ్ల మనిషికి బీపీ ఎంత ఉండాలో అంతా ఉంది. హైట్ పాస్‌కి అనర్హురాలని రాసిచ్చాడు. సత్యారావుగారు బాధపడ్డారు కూడా. "చూశావా ధర్మారావ్, మనం పట్టుకోకపోతే ఈ మనిషి ఇన్నాళ్లూ ఎంత ప్రమాదంలో ఉందో!" అన్నారు. బీపీ మాత్రలు మండలి తరఫున ఇప్పించారు. మిగతా ముగ్గురు ఆడవాళ్లు పరీక్షకి రాలేదు. డాబా ఎక్కడానికి డాక్టరు దగ్గరికా అని సుక్‌వారో నవ్వి నవ్వి కూర్చుండిపోయిందట. తర్వాత నవ్వలేదు.

పిట్టగోడ సంగతి చెబుతాను. ఒక మేస్త్రీ, ఒక కూలీ, రెండు రోజుల పని. ఆ మాట నేను మీటింగులో అన్నాను. నన్ను తిట్టుకునే ముందు ఇది కూడా గుర్తుంచుకోండి, ఒకసారి అన్నాను. "దాతల డబ్బుతో కడుతున్నాం, మూడు కొటేషన్లు ఉండాలి," అన్నారు సత్యారావుగారు. నోటీసు వేశాం. రెండే వచ్చాయి. మళ్లీ నోటీసు వేశాం. ఈసారి ఒకటే వచ్చింది. మూడోసారికి సంక్రాంతి వెళ్లిపోయింది. నేను ఆ మధ్యలో మళ్లీ నోరు విప్పలేదు. డీజీఎంకి డిప్యూటీ మేనేజరు రెండోసారి ఎదురు చెప్పడం మాకు అలవాటు లేని పని.

అరుగు మీది నలభై కాయల్లో పదింటిని తులసమ్మ పంచిపెట్టింది. ముప్ఫై తరిగి, రోడ్డు పక్క టార్పాలిన్ వేసి పెట్టింది. మొదటి రోజు మేకలు తిన్నాయి. రెండో రోజు కర్ర పట్టుకుని పొద్దంతా కాపలా కాస్తే దుమ్ము పడింది. మూడో రోజు మబ్బేసింది. అయిదో రోజుకి పచ్చటి బూజు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆ బడి కోసం సంతలో ఎదురుచూసినవాళ్లు ఇంకొకళ్ల దగ్గర కొనుక్కోవడం మొదలుపెట్టారు. జనవరి ఆఖరుకి సుక్‌వారో మొగుడితో కలిసి ఇటుకబట్టీ పనికి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆ పసుపు హెల్మెట్ తెచ్చి కేంద్రం గుమ్మంలో పెట్టి మరీ పోయింది.

ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభోత్సవం. రాయ్‌పూర్ దాతల సంస్థ నుంచి పెద్దాయన వస్తున్నాడు. స్టాలు మీద పెట్టడానికి సరుకు కావాలి. సరుకు లేదు. కౌండిన్య కంగారుపడలేదు. దుర్గ్ బజారులో ఇరవై కిలోల బడి కొనుక్కొచ్చి, అందమైన పొట్లాల్లో పోసి, స్టిక్కర్లు వేయించాడు. స్టిక్కరు మీద పసుపు హెల్మెట్‌తో తులసమ్మ ఫొటో. కింద 'తులసీ దీదీ బడి'. తన మొహం ఉన్న పొట్లాన్ని తులసమ్మ చాలాసేపు పట్టుకుని చూసింది. తర్వాత చింపి, ఒకటి తీసి కొరికింది. సరిగ్గా అప్పుడే పెద్దాయన ఎదురుగా వచ్చి నిలబడి, ఎలా ఉందమ్మా అని హిందీలో అడిగాడు.

"ఇందల సోడా ఏసినారు," అంది తులసమ్మ తెలుగులోనే. "ఇది నాను సేసింది కాదు. నాను సెయ్యడానికి ఈలు నన్ను పైకెక్కనియ్యట్లేదు."

పెద్దాయన కౌండిన్య వైపు చూశాడు. కౌండిన్య ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "సర్, కహ్ రహీ హై కి బహుత్ ఆగే బఢ్ రహీ హై," అన్నాడు. చాలా ముందుకి పోతున్నానంటోంది సార్, అని. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులు వాటంతటవే కొట్టుకున్నాయి.

ఆ సాయంత్రం సత్యారావుగారింట్లో కనకలతగారు నాకు కాఫీ ఇస్తూ భర్తతో అన్నారు: "ఆరేళ్లు నా దగ్గరికి వడియాలు తెచ్చిన మనిషిని మీకప్పగించాను. ఇవాళ ఆవిడ నాతో మాట్లాడలేదు. మీరు సేఫ్టీలో ఉన్నారు గనక సరిపోయింది గాని, వంటింట్లో ఉంటే పొయ్యి వెలిగించేముందు ఫైరింజను పిలిచేవారు." సత్యారావుగారు పేపరు తిరగేశారు.

ఎండాకాలం వచ్చింది. తెలుగువాళ్ల వడియాల సీజను. నాలుగో నోటీసుకి మూడో కొటేషను వచ్చి పిట్టగోడ లేచింది, అదీ సరిగ్గా మీటరు. కాని తులసమ్మకి పాసు లేదు, సుక్‌వారో లేదు, మిగతా ఇద్దరూ తలో పనిలో కుదిరిపోయారు. ఈలోగా కేంద్రంలో శిక్షణకి వచ్చేవాళ్లకి టీ పెట్టడానికి, ఊడవడానికి మనిషి కావలసివచ్చింది. కింది అంతస్తు పని కాబట్టి హైట్ పాస్ అక్కర్లేదు. తులసమ్మని పెట్టుకున్నాం. ఆమె ఒప్పుకుంది. బతకాలి కదా.

జూన్లో రాయ్‌పూర్ నుంచి ఫారం వచ్చింది. ఒక్కొక్క లబ్ధిదారుకీ ఒక్కొక్క పేజీ. లబ్ధిదారు ఒక్కరే కాబట్టి మాకు ఒకటే పేజీ. ప్రశ్నలన్నీ హిందీలో ఉన్నాయి. 'సాయానికి ముందు' అని ఒక వరస, 'సాయం తర్వాత' అని ఒక వరస. ఒక్కొక్క వరసలో రెండే గళ్లు, నిరుద్యోగి, ఉద్యోగి. నేను పైన నిరుద్యోగికి టిక్కు పెట్టి, కింద ఉద్యోగికి టిక్కు పెట్టి, సంతకం కోసం టీ గదిలోకి పట్టుకెళ్లాను.

"ఏటి రాసినారు బాబూ?" అంది, పాల గిన్నె స్టవ్వు మీద పెడుతూ.

చదివి వినిపించాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ముందు నాకు పన్నేదా?"

"అలా కాదు తులసమ్మా. ఫారంలో రెండే గళ్లున్నాయి."

"నలుగురం ఆడోల్లం ఆరేళ్లు యాపారం సేసినాం. డాబా మీద మీక్కూడా సూపించినాను. మర్సిపోనారా?"

మరిచిపోలేదు. గడి బయట రాస్తే ఫారం చెల్లదని, ఇవాళే ఆఖరు తేదీ అని, ఏదో గొణిగాను. ఆమె చెయ్యి చాపింది.

"పెన్నిలాగియ్యండి. సంతకం నానెడతాను."

అయిదో తరగతి దాకా చదువుకుందట. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా రాసింది. సంతకం గడి నిండిపోయి, కింద ఉన్న ఖాళీ కూడా నిండింది. నేను ఆ కాగితాన్ని చదవకుండా పట్టుకెళ్లలేకపోయాను. తెలుగులో ఇలా ఉంది: 'నాకు యాపారం ఉండీది. ఈలు వొచ్చి సాయం సేసి తీసేసినారు. నా డాబా నాకు ఇచ్చియ్యండి. తులసమ్మ.'

సత్యారావుగారు సంతకం చేసేముందు ప్రతి కాగితం చదివే మనిషి. ఇదీ చదివారు. రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఈయన ఇప్పుడు తాళంచెవి తీసి ఆవిడ చేతికి ఇచ్చేస్తారేమోనని, ఒక్క నిమిషం పాటు మనస్ఫూర్తిగా ఆశపడ్డాను.

"రాయ్‌పూర్‌లో తెలుగెవరికొచ్చులే," అన్నారాయన. "పంపించెయ్." కింద సంతకం పెట్టి స్టాంపు వేశారు.

నేను పంపించేశాను.

నిజమే, రాయ్‌పూర్ సంస్థలో తెలుగు ఎవరికీ రాదు. పల్లెటూరి మహిళ తన మాతృభాషలో, తన చేతిరాతతో అంత పొడుగు కృతజ్ఞత రాసిందని వాళ్లకి కళ్లు చెమర్చాయట. ఆ ఏటి నివేదిక అట్ట మీద ఆ రాతనే రంగుల్లో అచ్చు వేశారు. మాకు ఒక పెద్ద ప్రతి పంపితే సత్యారావుగారు దానికి ఫ్రేము కట్టించి కేంద్రం గోడకి తగిలించారు. సెమర్‌డీహ్‌లో దాన్ని చదవగలిగినవాళ్లం ముగ్గురం. రోజూ పదకొండు గంటలకి ఇద్దరం దాని కింద కూర్చుని టీ తాగుతాం. మూడో ఆవిడ పోస్తుంది.